చెయ్యి దించిన ప్రతివాడూ మేవెదర్ కాదు

వైజాగ్‌లో మా కంచరపాలెం బాక్సింగ్ జిమ్‌లో ఈ మధ్య కుర్రాళ్లందరికీ ఒకటే పిచ్చి. ఎడమ చెయ్యి పొట్టకు అడ్డంగా, ఎడమ భుజం చెవి దాకా, కుడి గ్లౌజు చెంప పక్కన. ఫోన్లో అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ క్లిప్పులు చూసి వస్తారు, వచ్చీ రాగానే అద్దం ముందు భుజం తిప్పుతారు. షోల్డర్ రోల్ అంటారు దీన్ని, ఫిల్లీ షెల్ అనీ అంటారు. సాయంత్రాలు వీళ్లు గుద్దడానికి ప్యాడ్స్ పట్టేది నేనే కాబట్టి "మాస్టారూ, మాకూ షెల్ నేర్పండి" అనే గోల కూడా నాకే. ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

ఆ స్టాన్స్, అంటే నిలబడే తీరు, మీద నాకేమీ కోపం లేదు. చూడ్డానికి బద్ధకంగా నిలబడినట్టుంటుంది గానీ లోపల లెక్క పక్కా. పక్కకు తిరిగి నిలబడతాం కాబట్టి ఎదుటివాడికి కొట్టే చోటు తక్కువ దొరుకుతుంది. పొట్టకు ముంజేయి కాపలా. గ్లౌజులు కళ్లకు అడ్డు రావు, వచ్చే దెబ్బ బయల్దేరినప్పటి నుంచీ కనిపిస్తుంది. రెండు చేతులూ మొహానికి కప్పుకునే హై గార్డ్‌లో ఈ సుఖం లేదు. అసలు మజా ఎదుటివాడు కుడి చెయ్యి వేసినప్పుడు. దాన్ని భుజం మీద జార్చి నడుము కుడివైపు తిప్పేసరికి మన బరువంతా వెనక కాలి మీదకు చేరుతుంది. అక్కణ్నుంచి మన కుడి చెయ్యి వదిలితే, లాగి పట్టుకున్న స్ప్రింగు తలుపు వదిలేసినట్టు వెళ్లి పడుతుంది. వాడి చెయ్యి అప్పటికింకా వెనక్కి చేరి ఉండదు. కాసుకోవడం, కొట్టడం రెండూ ఒకే కదలికలో అయిపోతాయి.

కుర్రాళ్లు ఎడమ భుజాన్ని చూస్తారు. నేను కుడి చేతిని చూస్తాను. ఎదుటివాడి జ్యాబ్‌ని, అంటే ముందు చేత్తో నేరుగా వేసే దెబ్బని, అరచేత్తో ఆపాల్సింది అదే. లెఫ్ట్ హుక్, అంటే ఎడమ చేత్తో పక్కనుంచి వంపుగా వేసే దెబ్బ, వస్తే చెంపకు అడ్డం ఉండాల్సిందీ అదే. ఆ హుక్ లివర్ మీదకు దిగితే మోచెయ్యి దించి ఆపాల్సిందీ అదే. ఇన్ని పనుల తర్వాత కౌంటర్, అంటే ఎదురుదెబ్బ, కొట్టాల్సిందీ అదే. ఎడమ చెయ్యి కింద పెట్టుకున్న పాపానికి కుడి చెయ్యి ఓవర్‌టైమ్ చేస్తుందన్నమాట. తెలిసినవాడు ఈ గుట్టు ఒక్క రౌండ్‌లో పట్టేస్తాడు. జ్యాబ్ ఒకటి వేస్తాడు, రెండోది వేసినట్టు చేస్తాడు. దాన్ని ఆపడానికి మనవాడి గ్లౌజు చెంప వదిలి కాస్త ముందుకొస్తుంది. ఆ సందులోంచే హుక్ వచ్చి దవడ మీద పడుతుంది. మొన్న స్పారింగ్‌లో, అంటే మాలో మేం ఆడుకునే ప్రాక్టీసు బౌట్‌లో, మా గాజువాక కుర్రాడికి ఇదే జరిగింది. కుడి చెయ్యి వస్తే భుజం భలే తిప్పాడు, నేనే శభాష్ అన్నాను. ఆ వెంటనే హుక్ తిన్నాడు, పళ్లకు పెట్టుకునే గమ్‌షీల్డ్ సగం బయటికొచ్చింది. "భుజం కరెక్టే కదా మాస్టారూ?" అంటాడు. కరెక్టేరా నాయనా, దెబ్బే అటువైపు రాలేదు.

దీనికి పెద్ద సాక్ష్యం మార్కోస్ మైదానా. ఈ అర్జెంటీనా బాక్సర్ 2013 డిసెంబర్‌లో ఏడ్రియన్ బ్రోనర్‌తో తలపడ్డాడు. బ్రోనర్ అప్పటికి ఓటమి ఎరగడు, నిలబడే తీరంతా మేవెదర్‌దే. మైదానా లెఫ్ట్ హుక్‌తో రెండో రౌండ్‌లో ఒకసారి, ఎనిమిదో రౌండ్‌లో ఒకసారి వాణ్ని కింద పడేసి, పాయింట్ల మీద గెలిచాడు. ఐదు నెలలు తిరక్కుండానే, 2014 మేలో, అదే మైదానా అసలు మేవెదర్ మీదకే దిగాడు. తాళ్ల దగ్గరకు నెట్టి, కుడి చెయ్యి పైనుంచి విసిరాడు. షెల్‌కి అది రెండో కన్నం. నేరుగా వచ్చే కుడి చెయ్యి భుజం మీద జారిపోతుంది గానీ, పైనుంచి వంపు తిరిగి వచ్చేది భుజం దాటి కణత మీద పడుతుంది. మేవెదర్ మొదటి రౌండ్లలో బాగానే ఇబ్బంది పడ్డాడు. తర్వాత తాళ్లు వదిలి రింగ్ మధ్యకొచ్చి లెక్క సరిచేసుకున్నాడు, మెజారిటీ డెసిషన్‌తో, అంటే ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు తనవైపు మొగ్గితే, గట్టెక్కాడు. తండ్రీ బాబాయిలూ బాక్సర్లైన ఇంట్లో పుట్టి, ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పనిలో ఉన్నవాడే అంత అవస్థ పడ్డాడు.

పైగా ఆయనకు 12 రౌండ్లు. మొదటి మూడు పోయినా ఎదుటివాణ్ని అంచనా వేయడానికి వాడుకుంటాడు. మన అమెచ్యూర్‌లో ఉన్నవే మూడు, ఒక్కోటి మూడు నిమిషాలు. వీడు అంచనా వేసేలోపు గంట కొట్టేస్తారు. జడ్జీలు చూస్తే రింగ్ చుట్టూ తలోపక్క కూర్చుంటారు. భుజం మీద జారిన దెబ్బ ఎదురుగా ఉన్నాయనకు జారినట్టే కనిపిస్తుంది. వీపు వైపు ఉన్నాయనకు తెలిసేది తల వెనక్కి వెళ్లడం, చప్పుడు రావడం, అంతే. ఆయన్నని ఏం లాభం? భుజం మరీ తిప్పేసి దెబ్బ తప్పించుకోవడానికి వీపు చూపిస్తే అది ఫౌల్. చేతులు కప్పుకుని ఊరికే నిలబడిపోవడమూ ఫౌలే, కాబట్టి హై గార్డ్ వాళ్లు మరీ సంబరపడక్కర్లేదు.

ఇక మన వైజాగ్ ఉక్కపోత సంగతి. మే నెలలో రేకుల షెడ్డు కింద మూడో రౌండ్ వచ్చేసరికి చేతులు వాటంతట అవే దిగిపోతాయి. "ఏట్రా, చెయ్యి దించేశావ్?" అంటే "షెల్ మాస్టారూ" అంటారు, సిగ్గు లేకుండా. తేడా పోల్చడం తేలికే. షెల్‌లో గడ్డం భుజం వెనక దాక్కుంటుంది. అలసిపోయినవాడి గడ్డం పైకప్పు చూస్తుంటుంది.

డిఫెన్స్ అంటే భుజమే అనుకునేవాళ్లకు నేను నిఖత్ జరీన్ బౌట్లు చూడమంటాను. నిజామాబాద్ అమ్మాయి, 2009లో మన విశాఖ సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌లో చేరి ఐ.వి. రావు గారి దగ్గర నేర్చుకుంది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్. నా కంటికి ఆమె డిఫెన్స్ కాళ్లలో ఉంది. అందీ అందనంత దూరంలో ఉండి, వాళ్లది తప్పగానే కొట్టేస్తుంది. మూడు రౌండ్ల ఆటకు అచ్చొచ్చేది అదేనని నా నమ్మకం.

అలాగని షెల్ నేర్పనని అనడం లేదు. ముందు చేతులు పైనుండే మామూలు గార్డ్ కుదరాలి. తర్వాత షెల్, అదీ ఒక షరతు మీద. భుజం తిప్పిన ప్రతిసారీ కుడి చెయ్యి వెళ్లి తీరాలి, వెళ్లకపోతే నా ప్యాడ్ నెత్తి మీద పడుతుంది. తాళ్లకు ఆనుకుంటే రౌండ్ మళ్లీ మొదటి నుంచి. సౌత్‌పా, అంటే ఎడమచేతి వాటం బాక్సర్, ఎదురైతే మాత్రం దాని జోలికే పోవద్దంటాను. వాడి గట్టి దెబ్బ మన భుజం వైపు రాదు, తెరిచి ఉన్న ఛాతీ వైపు నుంచి వస్తుంది. 2006లో జాబ్ జూడా అనే సౌత్‌పా అలాగే మొదటి రౌండ్లలో మేవెదర్‌ని తిప్పలు పెట్టాడు. మా జిమ్‌లోనూ పొడుగు చేతుల సౌత్‌పా ఒకడున్నాడు. షెల్ కోసం ఎక్కువ గోల చేసేవాళ్లను శనివారం స్పారింగ్‌లో వాడితోనే దింపుతున్నాను.