వీపు మీద తెల్లచారతో తిరిగివచ్చే ఈగలు

ఆగస్టు సగం గడిచేసరికి మా పెట్టెల గుమ్మాల దగ్గర వాలే తేనెటీగలలో చాలావాటి వీపు మీద సుద్దతో గీసినట్టు ఒక తెల్లచార కనబడుతుంది. ఇంగ్లండు పడమటి అంచున, వై నది లోయలో, తేనెటీగలు పెంచే ఒక క్షేత్రంలో పనికి చేరిన మొదటి ఏడాది ఆ చారను చూసి ఈగలకు ఏదో తెగులు సోకిందని భయపడి, పెట్టె మూత తీసి, చట్రాలన్నీ ఒక్కొక్కటిగా పైకెత్తి పిల్లపురుగులుండే గదులు వెదికాను. నాతో పనిచేసే పెద్దాయన ఏమీ చెప్పకుండా నన్ను నది ఒడ్డుకు తీసుకువెళ్ళి, నా తలకన్నా ఎత్తు పెరిగిన గులాబీరంగు పూల మొక్కల మధ్య నిలబెట్టి, కాసేపు కదలకుండా చూడమన్నాడు.

అవి హిమాలయన్ బాల్సమ్ మొక్కలు. ఆ పువ్వు నోరు తెరిచిన చిన్న సంచిలా ఉంటుంది. మకరందం సంచి అడుగున ఉన్న వంకర కొమ్ములో ఉంటుంది కనుక, ఈగ దాని కోసం ఒళ్ళంతా లోపలికి దూర్చవలసిందే. అలా దూరేటప్పుడు పైకప్పు నుంచి వేలాడే, పుప్పొడి ఉండే కేసరాలు దాని వీపును రాస్తాయి; ఆ పుప్పొడే మనకు చారగా కనబడుతుంది. కేసరాలన్నీ కలిసి ఒక టోపీలా కీలాగ్రాన్ని, అంటే పుప్పొడిని అందుకొనే భాగాన్ని, కప్పి ఉంచుతాయి. కొంతకాలానికి ఆ టోపీ రాలిపోగా, దాని కిందనున్న కీలాగ్రం బయటపడుతుంది. ఆ తరువాత వచ్చే ఈగ వేరే పువ్వు నుంచి వీపు మీద మోసుకొచ్చిన పుప్పొడి సరిగ్గా అక్కడికే తగులుతుంది. ఈగ ఎగురుతూ కూడా కాళ్ళతో ఒళ్ళు దువ్వుకొని, దొరికిన పుప్పొడిని వెనుక కాళ్ళ బుట్టల్లోకి చేర్చుకొంటుంది, కాని రెక్కల మధ్యనున్న ఆ చోటు దానికి సులువుగా అందదు. కాలి బుట్టలోకి చేరిన పుప్పొడి గూటిలో పిల్లలకు ఆహారమవుతుంది, పువ్వుకు మాత్రం తిరిగి రాదు. పువ్వుకు పనికివచ్చేది ఈగ తుడుచుకోలేక వదిలేసిన ఆ కాస్తే. ఈ సంగతి అర్థమైన రోజు నుంచి పెట్టె ముందు నిలబడడం నాకు విసుగు అనిపించలేదు.

ఆ వారం వీడియో కాల్‌లో ఈగలను చూపిస్తే మా బాపు, "ఏందిరా, ఈగలు పిండిగిర్నికి పోయొచ్చినయా?" అని అడిగాడు. జగిత్యాల దగ్గర మా ఊళ్ళో యాసంగికి నువ్వులు వేస్తాం. నువ్వు పువ్వు కూడా గొట్టంలా వంగి ఉంటుందనీ, దాని కేసరాలు పైభాగాన్ని ఆనుకొని ఉంటాయనీ, లోపలికి దూరే ఈగ వీపు మీదే పుప్పొడి పడుతుందనీ చెప్పాను. ఇన్నేళ్ళ సేద్యంలో ఈగ వీపు చూడాలని తనకు తోచలేదన్నాడు. మరుసటి మార్చిలో, చేను పూత మీద ఉండగా, పొద్దున్నే గట్టు మీద కూర్చుని తీసిన చిన్న వీడియో పంపాడు.

ఇక్కడ మా పనిలో ఇదంతా కేవలం వినోదం కాదు. పెట్టెలను ఎప్పుడు, ఎటు తరలించాలో తెలియాలంటే ఈగలు ఏ పూల మీద తిరుగుతున్నాయో ముందు తెలియాలి. అందుకే సాయంత్రం పుస్తకంలో ఈగల కాళ్ళకున్న పుప్పొడి మూటల రంగు రాసిపెడతాం: డాండెలియన్ అయితే నారింజ, హార్స్ చెస్ట్‌నట్ అయితే ఇటుక ఎరుపు. అయితే కాలి మూట రంగు ఒక్కటే చూసేవారికి బాల్సమ్ దొరకకపోవచ్చు. మకరందం కోసమే వెళ్ళివచ్చే ఈగలలో చాలావాటికి కాళ్ళకు మూటలుండవు, వీపు మాత్రం తెల్లగా ఉంటుంది. మే నెలలో కొండవాలున పూసే పసుపుపచ్చని బ్రూమ్ పొద పువ్వుది మరో పద్ధతి. బరువైన ఈగ వాలగానే దాని కింది రేకులు విచ్చుకొని, పొట్టి కేసరాలు పొట్టను, పొడవు కేసరాలు వంపు తిరిగి వీపును కొడతాయి. ఒకసారి విచ్చిన పువ్వు మళ్ళీ అలా కొట్టలేదు.

బాల్సమ్ 1839లో హిమాలయాల నుంచి బ్రిటన్ తోటలకు వచ్చింది. పండిన కాయ తాకితే పగిలి గింజలను కొన్ని గజాల దూరం విసురుతుంది. నదిలో పడిన గింజ ప్రవాహంతో దిగువకు చేరి అక్కడ మొలుస్తుంది. చలికాలంలో మొక్క చచ్చిపోయి ఒడ్డు బోసిపోతే వరదకు మట్టి కోసుకుపోతుంది. దానిని తోటల బయట, ప్రకృతిలో నాటడం ఇక్కడ నేరం. 2014 నుంచి హిమాలయాలకే చెందిన ఒక కుంకుమ తెగులు శిలీంధ్రాన్ని కూడా దాని మీదికి వదులుతున్నారు. జూన్‌లో, పూత రాకముందే, ఊరివాళ్ళతో కలిసి నేనూ ఆ మొక్కలు పీకాను. వేళ్ళు లోతుకు పోవు కనుక పట్టి లాగితే సులువుగా వచ్చేస్తాయి. ఆ పని సరైనదేనని నమ్ముతాను. అయినా మిగతా పూలు తగ్గిపోయిన సెప్టెంబరులో అదే మొక్క మా ఈగలకు చలికాలపు తిండి సమకూర్చడం కళ్ళారా చూస్తున్నాను, కాబట్టి పీకిన చోట మరే పూలు మొలుస్తాయో చూడకుండా ఇంటికి వెళ్ళడం నాకు నచ్చదు.

మొదటిసారి మంచు గడ్డకట్టిన రాత్రితో బాల్సమ్ నల్లబడి కూలిపోతుంది. రెండు రోజుల్లో గుమ్మం దగ్గర తెల్లని వీపులు కనబడడం మానేస్తాయి. ఎండ కాస్త కాసిన మధ్యాహ్నాలలో వచ్చే ఈగల కాళ్ళకు ఐవీ తీగ పూల పసుపు మూటలు ఉంటాయి. నేను పుస్తకంలో ఆ తేదీ రాసి, పెట్టెల గుమ్మాలకు ఎలుకలు దూరకుండా రేకులు బిగిస్తాను.