ఎక్స్‌వీ6లో స్నాప్‌షాట్: డీ బిట్‌కి చిక్కని రాతలు

నడుస్తున్న ప్రోగ్రామ్ మెమరీని ఉన్నదున్నట్టు డిస్కులో దాచి, మళ్లీ అక్కడి నుంచే లేపాలన్నది ప్లాన్. వైజాగ్‌లో గాలివాన మొదలైతే కరెంటు ఏ నిమిషాన పోతుందో తెలీదు కాబట్టి పుట్టిన ఆలోచన, ఇప్పుడు మాత్రం కేవలం సరదాకే నడుస్తోంది. ప్రతిసారీ మొత్తం మెమరీ దాచడం దండగ, కిందటి స్నాప్‌షాట్ (అలా దాచిన కాపీ) తర్వాత మారిన పేజీలు (4096 బైట్ల మెమరీ ముక్కలు) దాస్తే చాలు. ఆ మారినవేవో కనిపెట్టడమే ఈ విడత పని.

వాడుతున్నది ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6, రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ల వెర్షన్, క్యూఎము అనే ఎమ్యులేటర్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్) మీద. లేజీ ఎలొకేషన్ (ముట్టుకున్నప్పుడే పేజీ ఇవ్వడం) లేని పాత కోడ్ తీసుకున్నాను, పేజీలు ఎక్కడ పుడుతున్నాయో సులువుగా కనబడుతుంది. లినక్స్ కెర్నెల్‌తో ఆడుకోవచ్చు కానీ ఈ ఉక్కపోతలో నా పాత ల్యాప్‌టాప్ దాన్ని కంపైల్ చేస్తుంటే పక్కన కూర్చోలేం.

ప్రోగ్రామ్ వాడే అడ్రస్ అసలు మెమరీలో ఎక్కడుందో చెప్పేది పేజీ టేబుల్, అందులో పేజీకో ఎంట్రీ. రిస్క్-ఫైవ్‌లో ఆ ఎంట్రీలో 6వ బిట్ పేరు 'ఏ' (యాక్సెస్డ్), అంటే ఆ పేజీని ముట్టుకున్నారని. 7వది 'డీ' (డర్టీ), అంటే రాశారని. ఎక్స్‌వీ6 హెడర్‌లో ఈ రెండూ ఉండవు, మనమే డిఫైన్ చేసుకోవాలి. ఎస్‌బీఆర్‌కేతో (కెర్నెల్‌ని ఇంకా మెమరీ అడిగే కాల్) తెచ్చిన కొత్త పేజీ ఫ్లాగులు ప్రింట్ చేస్తే హెక్స్‌లో 17 వచ్చింది. ఒక బైటు చదివాక 57, ఒక బైటు రాశాక హెక్స్ డీ7. ఇది కళ్లతో చూశాకే నమ్మకం కుదిరింది, ఎందుకంటే ఈ బిట్లు ప్రాసెసరే పెట్టాలని స్పెక్ పట్టుబట్టదు, పేజీ ఫాల్ట్ ఇచ్చి కెర్నెల్‌నే పెట్టుకోమన్నా తప్పు లేదు. క్యూఎము తనే పెడుతోంది. అసలు బోర్డు మీదకి వెళ్తే యూజర్‌ట్రాప్‌లో (యూజర్ ప్రోగ్రామ్ ఫాల్ట్‌లు వచ్చి చేరే కెర్నెల్ ఫంక్షన్) స్కాజ్ 15ని (రాతకి వచ్చే పేజీ ఫాల్ట్ నంబరు) పట్టుకునే కోడ్ కూడా రాసి ఉంచుకోవాలి.

మారిన పేజీల జాబితా ఇచ్చే నా సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పని అడిగే దారి) చిన్నదే. సున్నా నుంచి ప్రాసెస్ సైజు దాకా పేజీ పేజీకీ వాక్ (ఎంట్రీని వెతికిపెట్టే ఫంక్షన్) పిలవడం, డీ ఉంటే బిట్‌మ్యాప్‌లో (పేజీకో బిట్ ఉండే పట్టీ) గుర్తు పెట్టి ఎంట్రీలో దాన్ని చెరిపేయడం. క్యూఎముకి ఎక్స్‌వీ6 అడిగే ర్యామ్ 128 ఎంబీ, అంటే 32768 పేజీలు, వాటికి అన్నే బిట్లు, అంటే సరిగ్గా 4096 బైట్లు. మొత్తం ర్యామ్‌కి సరిపడే బిట్‌మ్యాప్ ఒక్క పేజీలో కూర్చుంటుంది! టీఎల్‌బీ (ప్రాసెసర్ తన దగ్గర ఉంచుకునే ఎంట్రీల కాపీ) టెన్షన్ కూడా లేదు. డీ చెరిపాక టీఎల్‌బీలో పాత ఎంట్రీ మిగిలిపోతే తర్వాతి రాత మళ్లీ బిట్ పెట్టకపోవచ్చు, కానీ యూజర్‌వైపు తిరిగి వెళ్లే ప్రతిసారీ ట్రాంపొలీన్ కోడ్ (కెర్నెల్‌కీ యూజర్‌కీ మధ్య దాటించేది) ఎలాగూ ఎస్‌ఫెన్స్ చేసి టీఎల్‌బీని ఖాళీ చేస్తుంది, పైగా ఎక్స్‌వీ6 ప్రాసెస్‌కి థ్రెడ్లు లేవు. ఇంకో ప్రాసెస్ మెమరీ చూడాలంటే మాత్రం అది వేరే కోర్ మీద నడుస్తూ ఉండొచ్చు, అందుకే ప్రస్తుతానికి సీపీయూ ఒకటే పెట్టి నడుపుతున్నాను.

గాజువాకలో ఉండే మా ఫ్రెండ్‌కి ఇదంతా చెబితే "ఇంత ఎందుకు గురూ, పాత కాపీతో పోల్చేస్తే ఏటి పోయింది?" అన్నాడు. పోల్చాలంటే ప్రతి పేజీలో 4096 బైట్లూ చదవాలి, డీ బిట్ కోసమైతే పేజీకి 8 బైట్ల ఎంట్రీ చూస్తే చాలు. కానీ చెకింగ్‌కి ఆ ఐడియా బ్రహ్మాండం. రెండు పద్ధతులూ పక్కపక్కన నడిపి జాబితాలు పోల్చాను. డీ ఉండి డేటా మారని పేజీలు వస్తే పర్లేదు, పాత విలువనే మళ్లీ రాసి ఉంటారు. డేటా మారి డీ లేని పేజీ వస్తేనే స్నాప్‌షాట్ చెడినట్టు.

వచ్చింది. టెస్ట్ ప్రోగ్రామ్‌లో 16 పేజీల బఫర్, మూడో పేజీలో చేత్తో ఒక బైటు రాసి, ఐదో పేజీలోకి ఫైల్ నుంచి 100 బైట్లు రీడ్ చేయించాను. డీ జాబితాలో మూడోది ఉంది, ఐదోది లేదు. రీడ్ డేటాని యూజర్ బఫర్‌లో వేసేది కాపీఅవుట్, అది యూజర్ అడ్రస్‌ని ఫిజికల్ అడ్రస్‌గా మార్చుకుని కెర్నెల్ సొంత పేజీ టేబుల్ ద్వారా మెమ్‌మూవ్ (బైట్ల కాపీ) చేస్తుంది. బిట్ పడకపోలేదు, పడింది. కాకపోతే కెర్నెల్ టేబుల్లో ఉన్న ఎంట్రీలో. వీధి గుమ్మం దగ్గర వాచ్‌మన్‌ని పెడితే పెరటి గుమ్మంలోంచి వచ్చినవాళ్లు రిజిస్టర్‌లోకి ఎక్కరు కదా.

మందు ఒక్క లైను: కాపీఅవుట్‌లో మెమ్‌మూవ్‌కి ముందు యూజర్ ఎంట్రీకి డీ కలపడం. పైప్ రీడ్, వెయిట్ స్టేటస్, ఫైల్ రీడ్ అన్నీ ఈ ఫంక్షన్ మీదుగానే వెళ్తాయి కాబట్టి ఒక్క దెబ్బకి కవరైపోయాయి. నా సిస్టమ్ కాల్ తన బిట్‌మ్యాప్‌ని ఇచ్చేదీ కాపీఅవుట్‌తోనే, కాబట్టి ఆ బఫర్ పేజీ ప్రతిసారీ మారినట్టే వస్తుంది. నిజంగా మారుతోంది మరి, వదిలేశాను.

ఇంకో రెండు చోట్ల కూడా డీ చేత్తో పెట్టాలి. ఒకటి, ప్రాసెస్‌కి మెమరీ ఇచ్చే యూవీఎంఎలొక్. అది ఇచ్చే కొత్త పేజీ కిందటి స్నాప్‌షాట్‌లో లేదు, దాన్ని ఎవరూ రాయకపోయినా దాచాల్సిందే. ఎగ్జెక్ (కొత్త ప్రోగ్రామ్ లోడ్ చేసేది) కూడా దీన్నే వాడుతుంది కాబట్టి ప్రోగ్రామ్ కోడ్ పేజీలూ ఇందులోనే వచ్చేస్తాయి. రెండోది ఫోర్క్ (ప్రాసెస్‌కి నకలు తీసి పిల్ల ప్రాసెస్‌ని పుట్టించేది). అందులో యూవీఎంకాపీ తల్లి ఫ్లాగులు యథాతథంగా పిల్లకి ఇస్తుంది, అంటే తల్లిలో డీ చెరిపిన పేజీ పిల్లలోనూ శుభ్రంగా కనబడుతుంది, పిల్లకేమో అసలు స్నాప్‌షాటే లేదు.

ఇదే పనికి లినక్స్ 2013లో 3.11 వెర్షన్‌తో సాఫ్ట్-డర్టీ అని వేరే బిట్ తెచ్చింది. క్లియర్_రెఫ్స్ ఫైల్లో 4 రాస్తే అది చెరిగిపోతుంది, పేజ్‌మ్యాప్ ఫైల్లో 55వ బిట్ చదివితే తెలుస్తుంది. హార్డ్‌వేర్ డీ మీద కెర్నెల్‌కి తన సొంత పనులు ఉంటాయి, మనం దాన్ని చెరిపితే కుదరదు. ఎక్స్‌వీ6లో స్వాప్ (మెమరీ చాలనప్పుడు పేజీల్ని డిస్కుకి తోయడం) లేదు గనక డీ మొత్తం నాదే. రేపు స్వాప్ పెడితే సాఫ్ట్‌వేర్‌కి వదిలిన 8, 9 బిట్లలో ఒకటి వాడాలి.

ఇప్పుడు రెండు జాబితాల్లో డేటా మారి డీ లేని పేజీ ఒక్కటీ రావడం లేదు. ఇక డిస్కు సంగతి. ఎక్స్‌వీ6లో ఒక ఫైల్ 268 బ్లాకులు దాటదు, బ్లాకు 1024 బైట్లు, అంటే ఫైల్‌కి 67 పేజీలే. మొదటి స్నాప్‌షాట్‌ని ముక్కలు చేయాలా, పెద్ద ఫైళ్లకి వీలిచ్చే డబుల్ ఇన్‌డైరెక్ట్ బ్లాక్ (బ్లాకు జాబితాలకే ఒక జాబితా) రాసేయాలా అన్నది తేల్చలేదు కానీ, రెండోదే మేలనిపిస్తోంది. ఓపెన్‌లో ఉన్న ఫైళ్లూ పైపులూ దాచే పని దాని తర్వాతే.