తామే లేపుకున్న గోడలు

బ్రూక్లిన్‌లో పటాలకు ఫ్రేములు కట్టే దుకాణంలో పని చేస్తున్నాను. ఇక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వాములకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, పని చేసే అనుమతి లేక ఏళ్ళ తరబడి ఇంట్లోనే ఉండిపోయాను. 2015లో నిబంధన మారి అనుమతి వచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఎం.కామ్. చదివానని బిల్లులు రాయడానికి తీసుకున్నారు. ఆరు నెలలు తిరగకుండానే వెనక గదిలో అట్టలు కోయడం నేర్చుకున్నాను.

ఈ పనిలో నాకు ప్రాణమైనది, చేతికాగితం మీది బొమ్మను అట్టకు నిలపడం. కాగితమంతా జిగురు పూయకూడదు. వెనకవైపు పై అంచున రెండే చోట్ల, గోరంత జపాను కాగితం ముక్కలను గోధుమ గంజితో అతికించాలి. రేపెప్పుడో తీయాల్సివస్తే కాస్త తడి చేస్తే చాలు, బొమ్మకు దెబ్బ తగలకుండా ఊడి వస్తాయి. సినిమా పోస్టర్లకు మనవాళ్ళు ఉడకబెట్టే మైదా జిగురుకు ఇది దగ్గరి చుట్టం.

ఒకరోజు అలా అతికిస్తుంటే, పటం తీసుకెళ్ళడానికి వచ్చిన ఒక పెద్దావిడ ఆగి చూసి, "కాగితం మీద కళాకృతులు చేసిన జరీనా పనులు చూశావా? మీ దేశపు మనిషే" అన్నారు. 1980లో విద్యార్థినిగా ఉన్నప్పుడు ఏ.ఐ.ఆర్. గ్యాలరీలో చూశారట. ఆ గ్యాలరీ పేరు పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను.

1972 సెప్టెంబరులో, మాన్‌హట్టన్ దిగువన సోహోలో, 97 ఊస్టర్ వీధిలో ఇరవై మంది మహిళలు తెరిచిన గ్యాలరీ అది. ఆడవాళ్ళ బొమ్మలు పెద్ద గ్యాలరీల గోడకెక్కడమే అరుదైన కాలం. వీళ్ళు తలా కొంత చందా వేసుకుని స్థలం అద్దెకు తీసుకున్నారు. మేస్త్రీలను పెట్టే స్తోమత లేక, గోడలు లేపడం దగ్గర నుంచీ తామే చేసుకున్నారు. అమెరికాలో మహిళా కళాకారులే సహకార పద్ధతిలో నడుపుకున్న మొదటి గ్యాలరీ ఇదే. అప్పట్లో సోహోలో ఖాళీ పడిన ఫ్యాక్టరీ మేడల్లో కళాకారులు కాపురముండేవారు. మంటలు లేస్తే లోపల మనుషులున్నారని అగ్నిమాపక సిబ్బందికి తెలిసేలా గుమ్మం దగ్గర ఏ.ఐ.ఆర్. (ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్, అంటే ఇక్కడ కళాకారులు కాపురముంటున్నారని) అనే బోర్డు పెట్టేవారు. ఆ మూడక్షరాలే గ్యాలరీకి పేరయ్యాయి.

అయితే స్థాపకుల్లో నల్లజాతి మహిళ హోవర్డీనా పిండెల్ ఒక్కరే. కొన్నేళ్ళకు ఆమె బయటికి వచ్చేశారు. 1980లో క్యూబా నుంచి వచ్చిన ఆనా మెండియెటా, జపాను నుంచి వచ్చిన కజుకో మియమోటో, అలీగఢ్‌లో పుట్టిన జరీనా కలిసి, ఈ దేశంలోని 'మూడో ప్రపంచ' (తెల్లజాతికి చెందని) మహిళా కళాకారుల ప్రదర్శనను అదే గ్యాలరీలో పెట్టారు. ఎనిమిది మంది పాల్గొన్నారు. పిండెల్ తనకు ఎదురైన జాతి వివక్షను కెమెరా ముందు కూర్చుని చెప్పిన వీడియో అందులో ఉంది. రెండేళ్ళకు మెండియెటా కూడా సభ్యత్వం వదులుకున్నారు. ఈ కథలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఈ భాగమే. తలుపులు మూసినవాళ్ళ మీద అలిగి కట్టుకున్న ఇంట్లోనూ కొందరు గుమ్మం దగ్గరే నిలబడవలసి వచ్చింది. వాళ్ళు నోరు మూసుకోలేదు, అదే గోడ మీద తమ మాట పెట్టారు. వాళ్ళ మీద నాకు ఎనలేని గౌరవం.

ఆ తర్వాత గ్యాలరీ చాలా చోట్లకు మారి, 2008లో బ్రూక్లిన్‌లోని డంబోకు వచ్చింది. ఇప్పుడు ప్లిమత్ వీధిలో ఉంది. మొన్న ఆదివారం వెళ్ళాను. బొమ్మలు చూశాక, అలవాటు కొద్దీ గోడ దగ్గరగా వంగి చూశాను. పాత మేకుల కన్నాలు పూడ్చి తెల్లరంగు వేసిన చోట్లు వేలికి తగిలాయి.