మా బూత్‌లో సైకిల్ లేదు

గురువారం, 20 నవంబర్ 2025. తిరుపతి.

నీతీశ్ కుమార్ ఈ రోజు పాట్నా గాంధీ మైదానంలో పదోసారి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. బీహార్‌తో నాకేం పని అంటారేమో. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు పాలిటీ చెప్పేవాళ్ళకు ఇలాంటి రోజులు వరం. పాఠం టీవీలోనే నడిచిపోతుంది, మనం రొంత వివరం చెబితే చాలు. పిల్లలు అంటున్నాను గానీ మా బ్యాచ్‌లో సగం మందికి పెళ్ళిళ్ళయ్యాయి. ఒకాయన కూతురు యూకేజీ.

పొద్దున ఇంటి పనులు ఎప్పటిలాగే. నీళ్ళు పట్టడం, మామయ్యకు రాగి జావ, క్యారియర్లు. ఇంక క్లాసు సంగతే రాస్తాను.

నేను హాజరు కూడా తీసుకోకముందే శ్రీకాళహస్తి నుంచి వచ్చే అబ్బాయి లేచి నిలబడ్డాడు. "మేడమ్, 89 సీట్లు వచ్చిన బీజేపీ ఉండగా 85 వచ్చిన జేడీయూ మనిషి సీఎం ఎట్ల అయితాడు?" వెనక బెంచీ నుంచి ఇంకొకడు అందుకున్నాడు. "తిరుమల క్యూలైన్ మాదిరే రా. ముందు నిలబడినోడికి కాదు, టికెట్ ఉన్నోడికే దర్శనం." అందరూ నవ్వారు. తిరుపతిలో పుట్టినవాళ్ళు దేన్నయినా క్యూలైన్‌తో పోల్చకుండా ఉండలేరు. ఆ పోలిక వింటేనే నాకు విసుగు. అయినా ఈసారి కొట్టిపారేయడానికి లేకపోయింది.

బోర్డు మీద 2020 బీహార్ లెక్క రాశాను. ఆర్జేడీ 75, బీజేపీ 74, జేడీయూ 43. అప్పుడు అన్నిటికంటే పెద్ద పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది, మూడో పార్టీ నాయకుడు ముఖ్యమంత్రి అయ్యాడు. ఈసారి బీజేపీ, జేడీయూ పొత్తులో చెరి 101 చోట్ల పోటీ చేశాయి. ఆర్జేడీ 140కి పైగా చోట్ల నిలబడి, ఓట్ల శాతంలో అన్ని పార్టీలనూ దాటి, 25 సీట్ల దగ్గర ఆగిపోయింది. ఎక్కువ చోట్ల నిలబడితే ఓట్లు ఎక్కువే పోగవుతాయి, శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దని హెచ్చరించాను. సగం మంది రాసుకున్నారు, సగం మంది ఇది పరీక్షలో వస్తుందా అన్నట్టు చూశారు.

అక్కడి నుంచి పార్లమెంటుకు వచ్చాం. రాజ్యాంగంలో 75వ అధికరణం చదివించాను. ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు, మంత్రిమండలి లోక్‌సభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది. అతి పెద్ద పార్టీని ముందు పిలవాలని గానీ, పిలవకూడదని గానీ అందులో ఒక్క ముక్క లేదు. అందుకే ముగ్గురు రాష్ట్రపతులు మూడు రకాలుగా నడుచుకున్నారు. 1989లో కాంగ్రెస్‌కు 197 సీట్లు వచ్చాయి, ఓడిపోయినా అదే పెద్ద పార్టీ. వెంకట్రామన్ గారు ముందు రాజీవ్ గాంధీనే అడిగారు. ఆయన వద్దన్నాక 143 సీట్లున్న జనతాదళ్ వైపు చూశారు. అలా వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. 1996లో బీజేపీకి 161, కాంగ్రెస్‌కు 140. శంకర్ దయాళ్ శర్మ గారు పెద్ద పార్టీ అని వాజ్‌పేయిని పిలిచారు. సరిపడా పార్టీలు కలిసిరాక ఆ ప్రభుత్వం 13 రోజులకే పోయింది. 1998లో బీజేపీకి 182 వచ్చినా నారాయణన్ గారు మద్దతు లేఖలు తెమ్మన్నారు, అవి చేతికొచ్చాకే వాజ్‌పేయిని పిలిచారు. ఆ ఏడాది టీడీపీ 12 మంది ఎటు మొగ్గుతారా అని ఢిల్లీ అంతా ఎదురుచూసింది. ఇంత పకడ్బందీగా కట్టిన ప్రభుత్వం కూడా 1999 ఏప్రిల్‌లో ఒక్క ఓటు తేడాతో, 269-270తో, కూలిపోయింది.

శర్మ గారి పేరు రాగానే నేను పాఠం పక్కన పెట్టేస్తాను. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసిన గొడవలో మన రాష్ట్రానికి గవర్నర్‌గా వచ్చింది ఆయనే. సెప్టెంబర్‌లో ఎన్టీఆర్‌తో మళ్ళీ ప్రమాణం చేయించిందీ ఆయనే. ఎవరికి బలముందో చూడకుండా కుర్చీ వేస్తే ఏమవుతుందో దగ్గరగా చూసిన మనిషి, పన్నెండేళ్ళకు రాష్ట్రపతిగా వాజ్‌పేయిని సీట్ల వరస చూసి పిలిచారు. ఎందుకలా చేశారో ఎవరి వాదన వాళ్ళది. నా ఓటు మాత్రం నారాయణన్ పద్ధతికే. ముందు కాగితం చూపించాలి, తర్వాతే కుర్చీ. చిన్న పార్టీల బేరాలు పెరుగుతాయనేవాళ్ళు ఉన్నారు. నిజమే, కాకపోతే ఆ బేరాలు పెద్ద పార్టీని ముందు పిలిచే పద్ధతిలోనూ జరుగుతాయి, ప్రమాణం అయ్యాక జరుగుతాయి, అంతే తేడా.

మన లెక్కలోకి వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దమైంది. 2004లో కాంగ్రెస్‌కు 145, బీజేపీకి 138. ఏడు సీట్ల తేడా. ఆ 145లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇచ్చినవి 29. అవి తీసేస్తే కాంగ్రెస్‌కు 116 మిగులుతాయి. బీజేపీకి ఆ ఏడాది ఇక్కడ సున్నా. అంటే ఢిల్లీలో ఎవరు పెద్ద పార్టీ అన్నది మనవాళ్ళే తేల్చారు. 2024లో ఇంకో రకం. బీజేపీ 240 దగ్గర ఆగింది, మెజారిటీకి కావాల్సిన 272కి 32 తక్కువ. కూటమి మొత్తం 293. అందులోంచి టీడీపీ 16, జేడీయూ 12 తీసి చూడమన్నాను. 265 అని ఒకమ్మాయి వెంటనే చెప్పింది. 2019లో 303 సీట్లు తెచ్చిన పార్టీకి ఓట్లు తగ్గింది ఒక్క శాతం కూడా లేదు, సీట్లు మాత్రం 63 తగ్గాయి.

క్లాసయ్యాక బాలాజీ కాలనీ నుంచి నేరుగా తిరుచానూరు వెళ్ళాను, నాయనను చూసి రావడానికి. ఐదు కిలోమీటర్ల దారి. అమ్మవారి బ్రహ్మోత్సవాలు కదా, బండి దూరంగా పెట్టి నడవాల్సి వచ్చింది. వీధి మలుపులో గొడుగులు అమ్మేవాళ్ళు, చెనక్కాయలు అమ్మేవాళ్ళు, వాళ్ళ మధ్యలో పోలీసులు వేసిన బారికేడ్లు. ఇంటికి చేరేసరికి నాయన, పక్కింటి మామ అరుగు మీద కూర్చుని టీవీ గొంతు కంటే పెద్ద గొంతుతో మాట్లాడుకుంటున్నారు. విషయం అదే, పాట్నా.

నాయన సైకిల్ మనిషి. ఎక్కడ మొదలుపెట్టినా 1984 డిసెంబర్‌కు వచ్చేస్తాడు. దేశమంతా కాంగ్రెస్ 400 దాటిన ఏడాది, ఇక్కడ టీడీపీ 30 గెలిచి లోక్‌సభలో రెండో పెద్ద పార్టీ అయింది. ఒక ప్రాంతీయ పార్టీకి అలా జరగడం అదే మొదలు. బీజేపీకి దేశం మొత్తం మీద రెండే, అందులో ఒకటి మన హనుమకొండ, పీవీ గారు ఓడిపోయిన చోటు. ఆ ముప్పైలో తిరుపతి కూడా ఉంది. గెలిచిన చింతా మోహన్ గారు తర్వాత కాంగ్రెస్ తరఫున ఎన్నిసార్లు గెలిచారో జిల్లా అంతా తెలుసు, నాయన మాత్రం అక్కడికి రాగానే మాట మారుస్తాడు.

"అంత పెద్ద పార్టీకి ప్రతిపక్ష హోదా ఇయ్యలేదు అమ్మణ్ణీ. పది శాతం లేదంట. జనం ఇచ్చినాక వీళ్ళు ఇచ్చేదేంది?" అన్నాడు.

మామ ఫ్యాన్ మనిషి. ఈ మాట కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు. "అట్ల చెప్పు బావా. మరి మా 11 మందికి అసెంబ్లీలో హోదా అడిగితే నువ్వే గదా పది శాతం లేదని ఎగిరింది?"

నాయన చెంబెత్తి నీళ్ళు తాగాడు. చాలాసేపు తాగాడు. మామ నా వైపు తిరిగి, టీచరమ్మా నువ్వు చెప్పు అన్నాడు. ఉన్నది చెప్పాను. 175లో పది శాతం అంటే 18. సీట్ల వరసలో రెండో పార్టీ జనసేన, 21. అది ప్రభుత్వంలోనే ఉంది. ప్రతిపక్షంలో కూర్చున్నది 11 మంది ఉన్న ఒక్క పార్టీనే. లోక్‌సభలోనూ 2014లో 44, 2019లో 52 వచ్చిన కాంగ్రెస్‌కు హోదా దక్కలేదు, 99 వచ్చాక 2024లో దక్కింది. ప్రతిపక్షంలో ఎక్కువ మంది ఉన్న పార్టీ నాయకుడిని స్పీకర్ గుర్తిస్తే ఆయనే ప్రతిపక్ష నాయకుడని 1977 నాటి పార్లమెంటు చట్టం, అందులో పది శాతం మాట లేదు. అది స్పీకర్ల ఆనవాయితీ. అక్కడ దాకా చెప్పి ఆపేశాను. ఇద్దరికీ నచ్చలేదు.

నాయన వెంటనే 2024 తిరుపతి ఎంపీ సీటు ఎత్తుకున్నాడు. నిజానికి నాకూ దాని మీదే మాట్లాడాలని ఉంది. తిరుపతి లోక్‌సభ కింద ఏడు అసెంబ్లీలు. గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి, సర్వేపల్లి, సత్యవేడు, శ్రీకాళహస్తి, తిరుపతి. ఏడింటికి ఏడూ కూటమే గెలిచింది. ఆరు సైకిల్, మా తిరుపతి గాజు గ్లాసు. ఎంపీ సీటు మాత్రం 14 వేల చిల్లర ఓట్లతో వైసీపీ గురుమూర్తి గారికి వెళ్ళింది. పొత్తులో ఎంపీ సీటు బీజేపీకి ఇచ్చారు. నిలబెట్టింది వరప్రసాదరావు గారిని, 2014లో ఇదే సీటు వైసీపీ తరఫున గెలిచిన ఆయన్నే. ఓటరుకు రొంత తికమకగా ఉండదా?

తిరుచానూరు చంద్రగిరి నియోజకవర్గం కాబట్టి పార్లమెంటుకు చిత్తూరు కిందకి వస్తుంది. నాయనకు రెండు మిషన్లలోనూ సైకిల్ ఉంది, రెండూ నొక్కి వచ్చాడు. చిత్తూరులో టీడీపీ రెండు లక్షలకు పైగా తేడాతో గెలిచింది. ఇటు తిరుపతి టౌన్‌లో మా మామయ్య పరిస్థితి వేరు. ఆయన పుట్టుకతో సైకిల్ కాకపోయినా 1983 నుంచి సైకిలే. ఆ మే 13న బూత్‌లోంచి బయటికి వచ్చి, "ఒక మిషన్లో గ్లాసు, ఒక మిషన్లో కమలం. సైకిల్ యాడా లేదు కదమ్మా" అన్నారు. ఇంటికి వచ్చి చెప్పిపోయిన కార్యకర్తల మాట ఆయనకు గుర్తుంది, చెయ్యికే అలవాటు లేదు. గ్లాసు నొక్కానని చెప్పారు. కమలం నొక్కారో లేదో ఇప్పటికీ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కమలం నిలబెట్టిన చోట సైకిల్ ఓట్లన్నీ అటు పడలేదన్నది ఏడు అసెంబ్లీల లెక్క చూస్తేనే తెలుస్తుంది. నాయన దీన్ని వెన్నుపోటు అంటాడు. నేను ఒప్పుకోను. తన గుర్తు లేని చోట ఓటరు తన బుద్ధి తాను వాడుకున్నాడు. నన్నడిగితే పెద్ద పార్టీ ఎవరన్నది సగం ఇక్కడే తేలిపోతుంది, పోలింగ్‌కు చాలా ముందు, నాలుగు గోడల మధ్య సీట్లు పంచుకునే రోజునే. మన 25 సీట్లలో టీడీపీ 17 తీసుకుంది, బీజేపీ 6, జనసేన 2. పదిహేడులో పదహారు గెలిచిన పార్టీకి పదిహేడుకు మించి రావడానికి దారే లేదు. ఇంకోవైపు 25 చోట్లా నిలబడిన వైసీపీకి లోక్‌సభ ఓట్లలో 39 శాతం పైన వచ్చింది, టీడీపీకి 37 పైన. సీట్లు నాలుగు, పదహారు. కాంగ్రెస్ కూడా 2024లో 330 లోపు సీట్లలోనే పోటీ చేసి మిగతావి మిత్రులకు వదిలింది. 99 అని వెక్కిరించేవాళ్ళు, వంద అని పొగిడేవాళ్ళు, ఇద్దరూ ఆ సంఖ్య చెప్పరు.

ఇదంతా చెబుతుంటే మామ మధ్యలోనే లేచి అమ్మవారి వాహనం చూడడానికి వెళ్ళిపోయాడు. నాయనకు అమ్మ సంగటి, ఊరుబిండి పెట్టింది. నాకూ పెట్టింది. కారం ఎక్కువైంది.

ఇంటికి వచ్చి పేపర్లు దిద్దుతుంటే శ్రీకాళహస్తి అబ్బాయి నుంచి వాట్సాప్. "మేడమ్, రెండు పార్టీలకు సరిసమానంగా వస్తే పెద్ద పార్టీ ఏది?" మొన్న నెదర్లాండ్స్‌లో అదే అయిందని రాశాను. 150 సీట్ల సభలో డీ66 అనే పార్టీకి 26, వైల్డర్స్ అనే నాయకుడి పార్టీకి 26. అక్కడ ప్రభుత్వం కట్టే పని పెద్ద పార్టీ మొదలుపెట్టడం ఆనవాయితీ కాబట్టి, ఎవరికి కొన్ని ఓట్లు ఎక్కువ వచ్చాయో చూశారు. డీ66 ముందుంది. అతను నిమిషంలో మళ్ళీ పెట్టాడు. "మనకు అట్లొస్తే?"

మన దగ్గర రాసిపెట్టి ఉన్నదేమీ లేదు, రాష్ట్రపతి విచక్షణ, ఎవరి చేతిలో 272 మంది సంతకాలుంటే వాళ్ళు అని పంపాను. ఆదివారం మోడల్ పేపర్లో ఈ ప్రశ్న పెడదామని కూర్చున్నాను. నాలుగు ఆప్షన్లు కావాలి. మూడు తప్పు జవాబులు తేలిగ్గానే దొరికాయి. నాలుగోది ఎలా రాసినా ఎవడో ఒకడు ఛాలెంజ్ చేస్తాడు.