ఆచూకీ లేని రైలింజను

శనివారం, రాత్రి.

పొద్దున్నుంచీ ముసురు. సియాటిల్ వైపు అక్టోబరులో అదేమీ వార్త కాదు. ఇంట్లో ఉంటే చిన్నది టాబ్లెట్ వదలదని, పెసరట్లు తినగానే రెడ్‌మండ్ తీసుకెళ్లాను. సమామిష్ నది బాట పక్కన ఒక జియోకాష్ ఉంది, ఎప్పటినుంచో చూడాలనుకుంటున్నది.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఎవరో ఒక డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు సైట్లో పెడతారు. మనం జీపీఎస్ పట్టుకుని వెతుక్కోవాలి. మామూలు జనం వాడే జీపీఎస్‌లో చోటు కచ్చితంగా తెలియకుండా కావాలని కలిపే తేడాని 2000 మేలో అమెరికా ప్రభుత్వం ఆపేసింది. ఆ వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగన్‌లో ఒక బకెట్ దాచి, అదెక్కడుందో నెట్‌లో పెట్టాడు. ఆట అలా మొదలైంది.

మాకు దొరికింది పాత తూటాల పెట్టె. పడిపోయిన సెడార్ మాను కింద, నాచు పట్టి ఉంది. చిన్నది బొమ్మలన్నీ కుమ్మరించింది. అడుగున తడిసి ముద్దయిన స్టిక్కర్ల కింద, సన్న గొలుసుకి బొటనవేలంత రైలింజను. గొలుసు రెండో కొసన లోహపు బిళ్ల, సైనికులు మెళ్లో వేసుకునే రకం. బిళ్ల మీద పురుగు బొమ్మ, దాని వీపున బార్‌కోడ్ గీతలు. ట్రావెల్ బగ్!

పెట్టెలో మిగతా బొమ్మల్లా ఇది ఒకటి పెట్టి ఒకటి తీసుకునే మార్పిడి సరుకు కాదు. దీనికో యజమాని ఉంటాడు, ఆయనకో కోరిక ఉంటుంది. దొరికినవాళ్లు ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి చేరుస్తూ, బిళ్ల మీది కోడ్‌తో నమోదు చేస్తుంటే, ఎంత దూరం తిరిగిందో సైటే లెక్కేస్తుంది. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సివరెన్స్ రోవర్‌కి కూడా ఇలాంటి కోడ్ ఉంది. దాన్ని ఎవరూ జేబులో వేసుకుని ఇంటికి పోలేరు, అదొక్కటే నిశ్చింత.

మా బిళ్ల అరిగిపోయింది. ఆరక్షరాల్లో చివరిది బీనో ఎనిమిదో అంతుపట్టలేదు. ఫోన్ టార్చ్ ఏటవాలుగా పడితే గాడిలో నీడపడి, బీ అని తేలింది. సైట్లో కొట్టి చూస్తే పేజీ వచ్చింది. యజమాని జర్మనీ మనిషి. బండి రైల్వే స్టేషన్లు చూడాలట. చివరిసారి ఒరెగన్‌లో ఏదో పెట్టెలో ఉంది, అది కూడా ఏళ్ల కిందటి మాట. ఆ తర్వాత పోయిందని ఆయనే రాసేశాడు. ఇప్పుడు చోటు దగ్గర ‘ఆచూకీ లేదు’ అని చూపిస్తోంది. మేం తెరిచిన పెట్టె జాబితాలో దీని ఊసే లేదు.

ఎవరో తెచ్చి పడేసి నమోదు చేయడం మర్చిపోయారు. లేదా ఏళ్ల తరబడి సొరుగులో ఉంచుకుని, సిగ్గేసి, చప్పుడు చేయకుండా వదిలేశారు. రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. అయినా వాళ్లని తిట్టను. సొరుగులో కుళ్లడం కంటే ఇది నయం కదా.

“నాన్నా, పోయిందని వాళ్లే రాశారుగా, ఇంక మనదేగా?” అంది చిన్నది. లాయరు బుర్ర. దారి తప్పిన దూడ మన దొడ్లోకి వస్తే కట్టేసి నీళ్లు పెడతాం, ఎవరిదో వాకబు చేస్తాం, అంతేగానీ ఉంచేసుకుంటామా అన్నాను. దూడని ఎక్కడ కడతారని ఇంకో ప్రశ్న.

కారులో కూర్చుని ‘గ్రాబ్’ నొక్కాను. పేజీలో ఎక్కడున్నట్టు చూపించినా, బిళ్ల మీది నంబరు మన చేతిలో ఉంటే చాలు, మన పేరు మీదకి వచ్చేస్తుంది. తర్వాత యజమానికి మెసేజ్: ఫలానా చోట దొరికింది, క్షేమం, ముందుకి పంపమంటారా? ఫొటో కూడా పెట్టాను, నంబరు మీద చిన్నదాని బొటనవేలు అడ్డం పెట్టించి. ఆ నంబరు బయటపడితే, వస్తువు మొహం చూడనివాళ్లు కూడా ‘చూశాం’ అని రాసేసుకుంటారు. పేజీ మీద కనిపించే, టీబీతో మొదలయ్యే కోడ్ వేరు, దాన్ని ఎవరికి చూపించినా ఫర్వాలేదు.

ఆయన్ని అడగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ట్రావెల్ బగ్ కొంటే ఒకే నంబరుతో రెండు బిళ్లలు వస్తాయి. ఒకటి పోతే కొందరు రెండోదానికి ఇంకో బొమ్మ తగిలించి పంపిస్తారు. అదీ తిరుగుతుంటే లెక్కంతా కలగాపులగం అవుతుంది. దీని పేజీలో అలాంటిదేమీ కనిపించలేదు. అయినా ఆయన నోటితోనే వింటే మంచిది.

సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తున్నాం. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాల ముందు ఈ బుల్లి ఇంజను! ఆలోచనకే నోరూరింది. మా ఆవిడ ఒక్క మాటతో ఆపింది: “అక్కడ వదిలేస్తే మళ్లీ ఎవరు తీస్తారండీ?” నిజమే. మన దగ్గర పెట్టెలు తక్కువ, వెతికేవాళ్లు ఇంకా తక్కువ. ఒక్కసారి ఎక్కడో పడ్డాక ఏళ్లపాటు కదలకపోవచ్చు. వెంట తీసుకెళ్లి, ‘విజిట్’ అని నమోదు చేసి తిరిగి తెచ్చుకోవచ్చు గానీ, జనవరి దాకా నా దగ్గర ఉంచుకోవాలి. రెండు వారాలకి మించి అట్టే పెట్టుకోకూడదని ఆడేవాళ్లలో ఓ ఆనవాయితీ. ఆయనే సరేనంటే చూద్దాం. నా అంతట నేను మాత్రం చేయను. ఇలాంటి గొప్ప ప్లాన్లే సగం బగ్గులని సొరుగుల పాలు చేస్తాయని నా గట్టి నమ్మకం.

అందుకే స్నొక్వాల్మీ. మాకు దగ్గరే, 1890 నాటి స్టేషన్‌లో రైల్వే మ్యూజియం ఉంది. ఇంజను కోరికా తీరుతుంది. పెట్టె మాత్రం చూసి ఎంచుకోవాలి. మైక్రో, అంటే మరీ బుల్లి డబ్బా అయితే ఇది పట్టదు. బాట మీద నడిచేవాళ్ల కంట పడే చోటు వద్దు. ఈ మధ్య నలుగురైదుగురు దొరికిందని రాసినదై ఉండాలి. వరసగా ‘దొరకలేదు’లున్న పెట్టెలో వేస్తే మనమే పారేసినట్టు.

పడుకోబోతూ మెయిల్ చూశాను. జర్మనీలో తెల్లవారి ఉంటుంది, జవాబింకా రాలేదు. ఏళ్ల కిందట ఆట మానేసినవాళ్లు చాలామందే, ఈయనా అంతేనేమో. జవాబు రాకపోయినా బండి కదలాల్సిందే. వాన తగ్గితే రేపే, లేకపోతే వచ్చే శనివారం. ఫొటో మాత్రం తనే తీస్తుందట చిన్నది. దీన్ని మ్యూజియంలో పెద్ద ఇంజను ముందు నిలబెట్టి తీయాలట, నేను పక్కన ఉండకూడదట.