ముక్కు పక్కన మానని పుండు

డెబ్బై ఏళ్లు దాటిన తరువాత నా ముక్కు పక్కన, కంటికి కాస్త దిగువన, నల్లటి చిన్న బొడిపె ఒకటి లేచింది. నొప్పి లేదు, దురద లేదు. దాని అంచులు కొద్దిగా ఉబ్బి, వెలుతురు పడితే నున్నగా మెరిసేవి. ముఖం కడుక్కుని తువ్వాలుతో ఒత్తుకున్నప్పుడల్లా మధ్యలో నెత్తుటి చుక్క కనిపించేది; తరువాత పెచ్చు కట్టేది; ఆ పెచ్చు రాలితే మళ్లీ నెత్తురు. పెద్ద వయసులో పులిపిర్లు, మచ్చలు రావడం మామూలే కనుక ఇంట్లో ఎవరికీ అది జబ్బుగా తోచలేదు. మా అమ్మాయి మాత్రం "నాన్నా, నెలలు గడిచినా మానని దాన్ని పులిపిరి అని ఎలా సరిపెట్టుకుంటాం? చర్మ వైద్యులకు చూపిద్దాం" అని పట్టుబట్టింది.

డాక్టరుగారు భూతద్దం వంటి పరికరంతో దాన్ని చాలాసేపు పరిశీలించి, మత్తు సూది ఇచ్చి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపించారు. ఫలితం బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది. క్యాన్సర్ అనే మాట వినగానే నాకు కాళ్లు ఆడలేదు. చర్మ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదేననీ, ఒంట్లో మరో చోటికి పాకడం చాలా అరుదనీ, అయితే వదిలేస్తే ఉన్నచోటే తొలుచుకుంటూ పోయి ముక్కును, కంటి రెప్పను పాడుచేస్తుందనీ ఆయన ఓపికగా వివరించారు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కొంత రక్షణ ఇస్తుంది కనుక చామనచాయ వారిలో, నల్లని వారిలో ఈ జబ్బు తక్కువే. కానీ వచ్చినప్పుడు అది తరచుగా నల్లగానే ఉంటుంది. అందువల్ల పుట్టుమచ్చగానో పులిపిరిగానో పొరబడి ఆలస్యంగా చూపించుకునేవారు ఎక్కువ. ఈ ఒక్క సంగతి తెలియజేయడానికైనా నా అనుభవం రాయాలనిపించింది.

నా ఉద్యోగమంతా భూముల సర్వే. గొలుసు, టేపు పట్టుకుని ఎండలో నడిచిన ఏళ్లే ఎక్కువ. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. వయసులో ఉన్నప్పుడు శరీరం ఆ నష్టాన్ని చాలావరకు సరిచేసుకుంటుంది. సరిచేయలేక మిగిలిపోయినది ఏళ్ల తరబడి పోగుపడుతుంది. ముసలితనంలో చర్మం పలచబడుతుంది, రంగు కణాలు తగ్గుతాయి, మరమ్మతు నెమ్మదిస్తుంది, చెడిన కణాలను గుర్తించి తొలగించే రోగనిరోధక శక్తి కూడా మందగిస్తుంది. అప్పుడెప్పుడో పడిన ఎండ ఫలితం ఇప్పుడు బయటపడుతుంది. "ఇంత వయసు వచ్చాక ఇక జాగ్రత్తలెందుకు" అని నా ఈడువారు చాలామంది అంటూ ఉంటారు. దానితో నేను ఏకీభవించను. ఆస్ట్రేలియాలోని నాంబూర్ పట్టణంలో 1992లో మొదలైన పరిశోధనలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్న వయోజనుల్లో స్క్వామస్ సెల్ అనే మరో రకం చర్మ క్యాన్సర్లు సుమారు 40 శాతం తగ్గాయి. పాత నష్టం ఉన్నా, కొత్త నష్టాన్ని ఆపడం వల్ల మేలు ఉందన్నమాట.

ముఖం మీద, అందునా కంటి దగ్గర కాబట్టి, మోస్ పద్ధతిలో శస్త్రచికిత్స చేశారు. పొర తీయడం, దాని అంచులన్నిటినీ సూక్ష్మదర్శినిలో చూడడం, క్యాన్సర్ కణాలు ఇంకా కనిపించిన వైపు మాత్రమే మరో పొర తీయడం ఇందులోని విధానం. అనవసరంగా మంచి చర్మం పోదు. ఆ చోటు వరకే మత్తు ఇస్తారు. నేను మెలకువగానే ఉన్నాను. పొరకూ పొరకూ మధ్య, కట్టుతో కూర్చుని ఫలితం కోసం ఎదురుచూసిన సమయమే నాకు అన్నిటికన్నా కష్టంగా గడిచింది. అంచులు శుభ్రంగా ఉన్నాయని చెప్పాక కుట్లు వేశారు. కంటి కింద వాచి, కమిలి, కొన్నాళ్లు అద్దం చూడబుద్ధి కాలేదు. కుట్లు విప్పిన తరువాత ఆ గీత క్రమంగా ముడతల్లో కలిసిపోయింది.

అదే సందర్భంలో డాక్టరుగారు తల నుంచి పాదాల వరకు చర్మమంతా పరీక్షించారు. జుట్టు పలచబడిన నడినెత్తి మీద, చెవుల పై అంచుల మీద ఆయన వేళ్లు ఆగాయి. నన్నూ తడిమి చూడమన్నారు. కంటికి పెద్దగా ఏమీ కనిపించదు కానీ వేలికి ఉప్పుకాగితంలా గరగరలాడింది. ఎండ దెబ్బకు ఏర్పడే ఇలాంటి గరుకు మచ్చలను యాక్టినిక్ కెరటోసిస్ అంటారు. వీటిలో కొన్ని కాలక్రమంలో క్యాన్సర్‌గా మారవచ్చు. ఫ్లోరోయురాసిల్ క్రీము రాయమన్నారు. అది దెబ్బతిన్న కణాలను వెతికి చంపుతుంది గనుక, రాసిన చోటల్లా ఎర్రబడి, మండి, రసి కారి, పెచ్చులు కట్టింది. ఇది మందు పనిచేస్తున్న గుర్తేనని ముందే చెప్పకపోయి ఉంటే మధ్యలో మానేసి ఉండేవాణ్ణి. పెచ్చులు రాలాక లేత చర్మం వచ్చింది.

నా మాత్రల చీటీ కూడా ఆయన చూశారు. రక్తపోటుకు వాడుతున్న హైడ్రోక్లోరోథయాజైడ్ చర్మం ఎండను తట్టుకోలేకుండా చేయగలదు. దీర్ఘకాలం వాడినవారిలో కొన్ని చర్మ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని కూడా గుర్తించారు. ఆయన ఉత్తరం చూసి మా ఫిజీషియన్ మందు మార్చారు. ఇటువంటి మాత్రలను ఎవరూ సొంతంగా ఆపకూడదు, అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు నడకకు పొద్దు ఎక్కకముందే వెళ్లి వస్తాను. అతినీలలోహిత కిరణాల తీవ్రతను తెలిపే సూచీ (యూవీ ఇండెక్స్) 3 గానీ అంతకు మించి గానీ ఉన్నప్పుడు రక్షణ అవసరం. మబ్బు పట్టినా ఆ కిరణాలు చాలావరకు దిగుతాయి. ముందు మాత్రమే నీడనిచ్చే టోపీ చెవులను, మెడను కాపాడదు కనుక చుట్టూ వెడల్పు అంచున్న టోపీ, దగ్గరి నేతతో వదులుగా ఉండే పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాను. సన్‌స్క్రీన్ విషయంలో చాలామంది ఎస్పీఎఫ్ అంకె (ఎండ నుంచి అది ఎంత రక్షణ ఇస్తుందో చెప్పేది) చూస్తారు గానీ, రాసే పరిమాణం చూడరు. 30 ఉన్నది సుమారు 97 శాతం, 50 ఉన్నది 98 శాతం యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) కిరణాలను ఆపుతుంది, తేడా స్వల్పమే. పలచగా రాస్తే రెండూ చాలవు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడుగునా పరిచినంత కావాలి, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి మళ్లీ రాయాలి. కళ్లు మండితే జింక్ ఆక్సైడ్ ఉన్నది నయం. కింది పెదవిని, అరచేతుల వెనుక వైపును మరచిపోకూడదు. ఎండకు దూరంగా ఉంటే విటమిన్ డి తగ్గుతుందన్న భయం నాకూ ఉండేది. వయసుతో చర్మం దాన్ని తయారుచేసే శక్తి ఎలాగూ తగ్గుతుంది కాబట్టి, రక్తపరీక్ష చేయించి మాత్రలు రాశారు.

ఒకసారి వచ్చినవారికి మరొకటి వచ్చే అవకాశం ఎక్కువ కనుక తనిఖీలు మానలేదు. నా వీపు, చెవుల వెనుక భాగం మా ఆవిడ చూస్తుంది. ఈమధ్య ముంజేతికి క్రీము రాసుకుంటుండగా మళ్లీ అదే గరుకు వేలికి తగిలింది. ఆ వారమే చూపించాము. ద్రవ నత్రజనితో దాన్ని గడ్డకట్టించి పంపేశారు. కోత, కుట్లు ఏవీ అవసరం లేకపోయాయి.