మోకాలి వెనక బిళ్ళ

గన్నవరం వెటర్నరీ కాలేజీలో మా చేతులు గేదెలకే అలవాటు పడ్డాయి. ఈత కష్టమైతే భుజం దాకా చెయ్యి పెట్టి దూడను సరిచెయ్యడం, పొదుగు వాపుకి మందు ఎక్కించడం, ఇదే పని. పిల్లిని పట్టుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా భీమవరం వైపు పిల్లికి జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి తెచ్చేవాళ్లు అరుదు. అది ఎటో వెళ్లిపోతుంది, అంతే.

ఇప్పుడు డల్లాస్ దగ్గర ఒక పెద్ద జంతువుల ఆసుపత్రిలో స్కానింగ్ విభాగంలో అసిస్టెంటుని. డాక్టర్ని కాను. ఇక్కడ నా పట్టా చెల్లాలంటే 225 ప్రశ్నల పరీక్ష, ఆ తర్వాత మూడు రోజుల ప్రాక్టికల్స్, లైసెన్సు పరీక్ష వేరే. అవన్నీ అయ్యేదాకా పిల్లుల్ని పట్టుకోవడం, బల్లలు తుడవడం నా పని. ప్రాక్టికల్స్‌లో ఆవు వస్తే నాకేం భయం లేదు, గుర్రమంటేనే టెన్షన్. ఫోన్లో నాన్న మాత్రం "ఏం డాక్టరమ్మా" అనే పిలుస్తారు. మొదట్లో ఆ మాట గుచ్చుకునేది.

పోయిన చలికాలంలో బిస్కట్ అనే సయామీ పిల్లి వచ్చింది. నోరు తెరుచుకుని ఊపిరి తీస్తోంది. కుక్క వగరుస్తే కంగారు పడక్కర్లేదు, పిల్లి అలా చేస్తే మాత్రం పరిగెత్తాల్సిందే. ఆక్సిజన్ పెట్టెలో ఉంచి, కాస్త తేరుకున్నాక పక్కటెముకల మధ్య సన్న సూది పెట్టి ఛాతీలో చేరిన నీరు లాగారు. సిరంజిలోకి వచ్చింది పాలు! నిజంగా పాలు కావు గానీ, గేదె పాలలో చిటికెడు కుంకుమ కలిపినట్టున్నాయి.

రక్తనాళాలు కాక ఒంట్లో లింఫ్ అనే పల్చటి ద్రవం పారే నాళాలు వేరే ఉంటాయి. తిన్న తిండిలోని కొవ్వు పేగుల నుంచి ఆ నాళాల్లోకి చేరితే లింఫ్ ఇలా తెల్లబడుతుంది. వెన్నెముక వెంట పైకి పోయే ఒక సన్న నాళం దాన్ని మెడ దగ్గర సిరలో కలుపుతుంది. ఆ దారిలో ఎక్కడో ఊట పడితే ఛాతీ నిండుతుంది, ఊపిరితిత్తులు విచ్చుకోవు. గుండె జబ్బు వల్ల రావచ్చు, ఛాతీలో గడ్డ వల్ల రావచ్చు. చాలా పిల్లుల్లో కారణమే దొరకదు. బిస్కట్‌కి గుండె బాగానే ఉంది, గడ్డా లేదు. ఇక ఆపరేషన్ చేసి ఆ నాళాన్ని కట్టెయ్యాలి. చిక్కేమిటంటే అది అన్ని పిల్లుల్లో ఒక్కలా ఉండదు. ఒకదానికి ఒకటే పాయ, ఇంకోదానికి మూడు. ఒక్క పాయ వదిలేసినా మళ్లీ ఊట మొదలు. అందుకే ముందు బొమ్మ తియ్యాలి.

మామూలు సీటీ స్కాన్లో ఆ నాళం కనపడదు. రక్తనాళంలో రంగు ఎక్కించినా లాభం లేదు, స్కాన్లో తెల్లగా కనిపించే అయోడిన్ మందు లింఫ్‌లోకే వెళ్లాలి. దానికి దారి మోకాలి వెనక ఉన్న లింఫ్ బిళ్ళ. కాలికి పుండు పడితే మనకి గజ్జల్లో బిళ్ళ కడుతుంది చూడండి, అలాంటిదే. పిల్లిలో బఠానీ గింజ కన్నా పెద్దగా ఉండదు. మత్తిచ్చి పడుకోబెట్టి, అల్ట్రాసౌండ్‌లో దాన్ని వెతికి, సూది మొన అందులో నిలిపి, మందు నిమిషాల తరబడి మెల్లగా ఎక్కించాలి.

కాలు పట్టుకున్నది నేను. మొదటిసారి మందు బిళ్ళ దాటి కండలోకి పాకింది. స్కాన్లో తెల్లటి మరక తప్ప ఏమీ లేదు. నా పట్టు జారిందేమోనని ఇప్పటికీ అనుమానమే. డాక్టరు ఏమీ అనలేదు, రెండో కాలికి వెళ్లింది. ఈసారి సూది తీశాక, "కాలు మర్దన చెయ్యి, కింద నుంచి పైకి" అంది.

రక్తానికి గుండె ఉంది, లింఫ్‌కి అలాంటి పంపు లేదు. కండరాలు కదిలితే, నాళాలు తమంతట తాము ముడుచుకుంటే అది ముందుకు జరుగుతుంది. మత్తులో ఉన్న పిల్లి కాలు కదలదు కాబట్టి నా చెయ్యి కదలాలి. మా వీధిలో బోదకాలున్న ఒక మామ్మ ఉండేది. సాయంత్రాలు కాలు మంచం పట్టె మీద పెట్టుకుని పాదం నుంచి మోకాలి దాకా నిమురుకునేది. దోమ మోసుకొచ్చిన పురుగులు ఈ నాళాల్లోనే చేరి పాడుచేస్తాయని, మాకు ఏటా బోదకాలు మాత్రలు మింగించింది అందుకేనని తర్వాత చదువుకున్నాను. ఆవిడ నిమిరినట్టే నిమిరాను.

మళ్లీ స్కాన్. వెన్నెముక పక్కన, ఎడమవైపు, దారప్పోగులా తెల్లటి గీత. కుక్కలో అయితే ఛాతీ వెనక భాగంలో కుడివైపు వెతకాలి. గుండె పైకి వచ్చేసరికి ఆ గీత చీలిపోయింది. పాయలు రెండు. డాక్టరు తెర మీద వేలు పెట్టి లెక్కపెడుతుంటే నేనూ లోపల లెక్కపెట్టాను.

ఆ రాత్రి నాన్నకి చెప్పాను. "స్కానింగ్‌కి ఎంతమ్మా?" అన్నారు. చెప్పాను. "రెండు ముర్రా గేదెలొస్తాయి కదే!" అని, కాసేపాగి, "బతుకుతుందా?" అన్నారు.

"ఆపరేషన్ అవ్వాలి నాన్నా."

ఆపరేషన్‌కి కొన్ని గంటల ముందు మీగడ తాగిస్తారు. నాళం తెల్లగా ఉబ్బి సర్జన్ కంటికి తేలిగ్గా దొరకాలని. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి అనే వైద్యుడికి, అప్పుడే తిండి తిన్న ఒక కుక్క పొట్ట కోసినప్పుడు, పేగుల దగ్గర ఇలాంటి తెల్లటి దారాలే కనిపించాయి. తెల్లవారుజాము డ్యూటీ నాదే. మీగడ కాస్త గోరువెచ్చగా చేసి గిన్నెలో పెట్టాను. బిస్కట్ వాసన చూసి మొహం తిప్పుకుంది. వేలికి రాసి పెడితే నాకింది.